తెల్లకారు ఇంజన్, నీ సంతకం

చిట్కుల్,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకూ వదినకూ చెల్లెలు సుగుణ వందనాలు. ప్రభువు కాపుదలలో నర్సాపురంలో మీరందరూ బాగున్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నేనూ ఆయనా ఆరోగ్యంగానే ఉన్నాం. కంట్లో చుక్కలు రెండు పూటలా వేసుకుంటున్నావా? నీటికాసులు నొప్పి తెలియకుండా చూపు తినేస్తాయని డాక్టరు చెప్పిన రోజు నీ పక్కన నేనే కూర్చున్నాను. ఇవాళ బాగానే కనబడుతోంది కదా అని ఒక్క పూట కూడా మానొద్దు. వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లు తగ్గించమను.

ఈ ఉత్తరం దీవెన నీకు చదివి వినిపిస్తుందని తెలిసే రాస్తున్నాను. దీవెనా, కవర్లో ఇంకో కాగితం ఉంది. దాన్ని పక్కన పెట్టి ముందు ఇది చదువు. నాన్న ఆపమంటే ఆపు, కానీ ఏ ముక్కా వదిలెయ్యకు. నాన్నకు కోపం వస్తుందేమోనని అసలు వదిలెయ్యకు.

ప్రతి ఆదివారం ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఆ కాగితం మీద నీ సంతకం కావాలి, అది ఫోన్‌లో రాదు. అదొక కారణం. ఫోన్‌లో నీకు చెప్పలేకపోయిన సంగతి ఒకటి ఉంది, అది రెండోది. క్షేమసమాచారాలు అయ్యాక చెబుతాను. కంగారు పడొద్దు. మనుషులందరం బాగున్నాం.

మేం ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయింది. మొదట్లో ఉన్నంత కొత్త లేదు. ఆయనకు మందుల ఫ్యాక్టరీలో అదే పని, నీళ్ళనూ పొడులనూ పరీక్షించే ల్యాబ్‌లో. ఈ నెల పగటి షిఫ్టు కాబట్టి రాత్రి అన్నం ఇద్దరం కలిసే తింటున్నాం. నాకు ఇస్నాపూర్ నుంచి సంగారెడ్డి దాకా తిరిగే పని. కాలనీల్లో డ్రైనేజీ, బస్సు ఆగని స్టాపులు, ఒక్క గదిలో ఎనిమిది మంది ఉండే కూలీల ఇళ్ళు, ఇవే వార్తలు. అక్కడ రొయ్యల చెరువుల మీద రాసినట్టే ఇక్కడ ఫ్యాక్టరీల మీద రాస్తున్నాను. ఊరు మారింది కానీ, అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా మారలేదు.

చలి మొదలైంది. పొద్దున్నే హైవే మీద లారీలు దీపాలు వేసుకుని వెళ్తాయి. గాలి ఒక వైపు నుంచి వీస్తే ఘాటైన వాసన వస్తుంది, ఇంకో వైపు నుంచి వీస్తే రాదు. ఏ వైపో ఇప్పుడు నాకూ తెలుసు కాబట్టి కిటికీ దాన్నిబట్టి వేస్తాను. ఇంటి యజమానురాలు యాదమ్మ జొన్నరొట్టె చేయడం నేర్పింది. నాది గుండ్రంగా రాదు. "గదేం రొట్టె సుగుణమ్మ, గోదారి జిల్లా మ్యాపు లెక్క ఉన్నది" అంటుంది. చేపలకు మాత్రం ముఖం వాచి ఉన్నాం. ఇక్కడ చెరువు చేప దొరుకుతుంది, తింటాం, అంతే. వచ్చేవాళ్ళెవరైనా ఉంటే వదిన చేతి ఎండు రొయ్యల పొడి ఒక సీసా పంపండి. పెద్ద సీసా.

ఆదివారం ఆరాధన ఒక టైర్ల కొట్టు మీద గదిలో. ఒడియా కుర్రాళ్ళు నలుగురైదుగురు వస్తారు. తెలుగు పాట వాళ్ళకు రాదు, కానీ రాగం పట్టేశారు, మాకన్నా గట్టిగా పాడతారు. మొదట్లో ఆ గదిలో కూర్చుంటే నర్సాపురం గుడి గంట చెవిలో మోగినట్టు ఉండేది. ఇప్పుడు కింద టైరు విప్పే సుత్తి చప్పుడుకు అలవాటు పడిపోయాను. ఒంటరిగా ఉన్నామేమోనని బెంగపడకు. బాగానే ఉన్నాం.

ఇక అసలు సంగతి.

నువ్వు నాకిచ్చిన తెల్లకారు ఇంజన్ పోయింది అన్నయ్యా. ఐదు వారాలైంది.

దీవెనా, ఇక్కడ కొంచెం ఆగి నాన్నకు మంచినీళ్ళు ఇవ్వు.

ఆరాధన అయ్యాక కార్లో కూర్చుని, ఇంజన్ ఆపకుండా నీకు ఫోన్ చేసేదాన్ని కదా. "ఏదీ, ఒక్కసారి యాక్సిలరేటర్ తొక్కు" అనేవాడివి. విని "ట్యాపెట్లు బిగించమను" అనో, "బెల్టు అరుస్తోంది" అనో చెప్పేవాడివి. ఐదు వారాలుగా నేను ఇంటి నుంచి ఫోన్ చేస్తున్నాను. పోయిన ఆదివారం నువ్వు "కారు చప్పుడు లేదేంటే?" అన్నావు. "నీడలో ఆపాను" అన్నాను. నీడలో ఉన్న మాట నిజమే. మెకానిక్ ఖాజా భాయ్ రేకుల షెడ్డు నీడలో, బానెట్ విప్పేసి ఉంది. ఇరవై రెండేళ్ళు విలేకరిగా పనిచేసినదాన్ని, సగం నిజం చెప్పి ఫోన్ పెట్టేశాను. పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తాం. ఇది ఆ సవరణ.

ఏం జరిగిందో వరసగా చెబుతాను. ఆ రోజు రుద్రారం వైపు కార్మికులు గేటు ముందు కూర్చున్నారని ఫోన్ వచ్చింది. నేను బయల్దేరాను. ముత్తంగి దాటాక వేడి చూపించే ముల్లు పైకి లేచింది. చూశాను. చూడలేదని చెప్పను. నువ్వు డ్రైవింగ్ నేర్పేటప్పుడు ఏం చెప్పావో కూడా గుర్తొచ్చింది, "ముల్లు ఎర్రగీత తాకితే రాజుగారి పెళ్ళయినా సరే ఆపెయ్" అని. ఇంకో పది నిమిషాలే కదా, మిగతా పేపర్లవాళ్ళు అప్పటికే అక్కడ ఉన్నారు కదా అనుకున్నాను. ఆపలేదు. గేటు ఇంకా కిలోమీటరు ఉందనగా బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చింది, బండి దానంతటదే ఆగింది. మిగతా దూరం నడిచి వెళ్ళి వార్త రాసుకున్నాను. ఆ వార్త లోపలి పేజీలో నాలుగు వాక్యాలు వచ్చింది.

ఖాజా భాయ్ ఇస్నాపూర్‌లో ఉంటాడు. యాభై దాటిన మనిషి, అబద్ధం చెప్పడానికి బద్ధకించే రకం. బండిని తాడు కట్టి లాక్కుపోయాడు. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి, ఆ వేలు నాకు చూపించాడు. సున్నం వేసినట్టు తెల్లగా ఉంది.

"ఏం నీళ్ళు పోసినవ్ అక్కా?"

"ఇంట్లో నీళ్ళే."

"ఇంట్ల ఏం నీళ్ళు? క్యాన్ నీళ్ళా, బోరు నీళ్ళా?"

"బోరు."

ఖాజా భాయ్ స్టూలు మీద కూర్చున్నాడు. "అక్కా, గా బోరు నీళ్ళ మీద నువ్వే గదా పేపర్ల రాసినవ్? మా గోడకు అంటించిన జూడు."

నిజంగానే అంటించి ఉంది. గ్రీజు మరకలతో, నా పేరుతో. ఈ కాలనీల్లో బోరు నీళ్ళు వాడకానికి పనికిరావని వర్షాకాలం ముందు నేనే రాశాను. తాగడానికి క్యాన్ కొంటాం, వంటకు ట్యాంకర్ నీళ్ళు పడతాం. నువ్వు పెట్టిన అలవాటు మాత్రం మానలేదు. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్ళేముందు, ఇంజన్ చల్లగా ఉండగా, మూత తీసి ఒక మగ్గు. అక్కడ అది గోదావరి కాలువ నీళ్ళ మగ్గు. ఇక్కడ వాకిట్లో కుళాయి తిప్పి పోశాను. నీ అలవాటు తెచ్చుకున్నాను కానీ, ఆ నీళ్ళు ఇక్కడ లేవన్న మాట తట్టలేదు.

ఇంటికి వచ్చి చెబితే యాదమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, గా నీళ్ళు మేం కోళ్ళకు గూడ పొయ్యం. పాయఖాన కడుగుతందుకు పెట్టిచ్చిన నల్లా గది. ఏడాదిన్నర సంది కారుకు తాపుతున్నవా?" మా ఆయన అన్నం ముందు కూర్చుని విన్నాడు. తర్వాత, "నేను రోజుకు ముప్ఫై నీళ్ళ సీసాలు పరీక్షిస్తాను. ఆదివారం నువ్వు మగ్గు పట్టుకెళ్తుంటే పక్కనే నిలబడి చూశాను" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వక చేసేదేముంది?

ఖాజా భాయ్ తేల్చింది ఇది. సున్నం పేరుకుని నీళ్ళు తిరిగే దారులు మూసుకుపోయాయి. అయినా ముల్లు లేచినప్పుడే ఆపి ఉంటే, కడిగించి, సీళ్ళు మార్చి, అదే ఇంజన్ బతికించేవాడు. ఆపకుండా నడిపినందువల్ల పైన హెడ్ వంగింది, కింద బ్లాకులో వెంట్రుకంత చీలిక వచ్చింది. హెడ్ సాపు చేయించవచ్చు. చీలిన బ్లాకును నమ్మలేం. నీళ్ళు తెలియక చేసిన తప్పు. ఆపకపోవడం తెలిసి చేసింది. ఫోన్‌లో నోరు రానిది ఈ రెండో ముక్కకే.

ఇక తర్వాత ఏం చేయాలన్న సంగతి. మూడు దారులు కనబడ్డాయి.

మా ఆయన మాట ప్రకారం బండిని తుక్కుకు ఇచ్చేసి, వాయిదాల మీద చిన్న కారు తీసుకోవాలి. తప్పేమీ లేదు. కానీ ఇంకా ఇంటి అడ్వాన్సుకు తెచ్చిన చేబదులు తీరలేదు, కొత్త వాయిదా మొదలుపెట్టే స్థితిలో లేమని ఆయనకూ తెలుసు. రెండు రోజులు వాదించి, మూడో రోజు తానే "సరే, పాత ఇంజన్ ఎక్కడైనా దొరుకుతుందేమో చూడు" అన్నాడు.

రెండో దారి చూపించింది పాత ఇంజన్ల వ్యాపారి. నగరంలో వాళ్ళ బజారు ఉంది, ఖాజా భాయ్ తోడు వచ్చాడు. ఒక పెద్ద జీపులోంచి తీసిన డీజిల్ ఇంజన్ చూపించారు. మన పెట్రోల్ ఇంజన్ దొరికినా దానికయ్యే ధరలో సగమే. "మేడం, దీన్ని ఎక్కిస్తే మీ కారు ఏనుగు లెక్క గుంజుతది. మైలేజీ వేరే" అన్నాడు. నేను ఇంజన్ నంబరు ఎక్కడుందని అడిగాను. చూపించాడు. ఉండాల్సిన చోట గ్రైండర్ గీతలున్నాయి.

"నంబరు లేదే?"

"పాతదైంది గదా, అరిగింది."

"అన్ని గీతలూ ఒకే వైపు అరిగాయా?"

అతను ఖాజా భాయ్ వైపు చూశాడు. "భాయ్, మేడం పోలీసా?"

"పోలీసైతే నయముండె," అన్నాడు ఖాజా భాయ్. "పేపర్."

ఆ తర్వాత మాకు టీ కూడా ఇవ్వలేదు. తిరిగి వస్తుంటే ఖాజా భాయ్ మిగతాది చెప్పాడు. ఆ ఇంజన్ బరువుకు ముందు స్ప్రింగులు కూర్చుంటాయట. ఇంజన్ నిలబడే కాళ్ళు కోసి వేరేవి అతకాలట, గేర్‌బాక్స్ కూడా మార్చాలట. "సగం ధర అన్నడు గదా, మిగిలిన సగం నాకు ఇచ్చేదే. నాకైతే ఫాయిదానే అక్కా. గని నువ్వు రేపు నన్నే తిడ్తవ్." మర్నాడు సంగారెడ్డి రవాణా కార్యాలయానికి వెళ్ళి అడిగాను. పెట్రోల్ అని రాసి ఉన్న బండికి డీజిల్ ఇంజన్ కుదరదు. అదే రకం ఇంజన్ అయితే మార్చుకోవచ్చు, కానీ ముందు అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తు మీద ఆర్‌సీలో ఎవరి పేరుందో వాళ్ళు సంతకం పెట్టాలి. ఆర్‌సీలో ఉన్నది నీ పేరు.

బయట చెట్టు కింద కూర్చున్న ఏజెంటు కాగితం చూసి "అన్న ఊర్ల లేడా? ఏం గాదు, సంతకం నేనే గీకుత, పాత సంతకం జెరాక్స్ ఇయ్యి సాలు" అన్నాడు. ఇవ్వలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఒక్క క్షణం, ఇస్తే నీకు చెప్పే పనే ఉండదు కదా అన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని కూడా నీకు తెలియాలి.

మూడో దారి తెల్లాపూర్‌లో దొరికింది. ఖాజా భాయ్‌కి తెలిసిన వాచ్‌మన్ ఒకతను చెప్పాడు, పెద్ద అపార్టుమెంట్ల కింద సెల్లార్‌లో మన మోడల్ కారే ఒకటి రెండేళ్ళుగా పడి ఉందని. వెనక భాగం అప్పడంలా నలిగిపోయి ఉంది, ముందు భాగం చెక్కుచెదరలేదు. దాన్ని ఈ నెలాఖరులోగా తీసెయ్యమని అపార్టుమెంటు వాళ్ళు నోటీసు అంటించారు. బండి రామేశ్వరరావుగారిది. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో ప్రభుత్వ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. భార్య లేరు, కొడుకు దగ్గర ఉంటున్నారు.

ఆయన ప్రతి గురువారం ఉదయం పదింటికి సెల్లార్‌లోకి దిగి, ఆ కదలని బండిని పదిహేను నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతారట. మేం వెళ్ళింది గురువారమే. ఖాజా భాయ్ ఇంజన్ వేడెక్కాక ఆపి, ప్లగ్గులు విప్పి, నాలుగు సిలిండర్లకూ ఒత్తిడి కొలిచే గేజి పెట్టి చూశాడు. నాలుగు అంకెలూ దాదాపు ఒకటే. ఆయిల్ మూత లోపల శుభ్రంగా ఉంది. ఇంజన్ నంబరు నేను టార్చి వేసి ఆర్‌సీతో ఒక్కో అంకె సరిచూశాను. సరిపోయింది. ఆయన దగ్గర సర్వీసు చేయించిన ప్రతి రసీదూ ఫైల్లో ఉంది. "మాషాల్లా" అన్నాడు ఖాజా భాయ్. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి.

రావుగారు మా హడావుడి అంతా చేతులు వెనక్కి కట్టుకుని చూశారు. ధర నేను అనుకున్నదానికన్నా తక్కువే చెప్పారు. అడ్వాన్సు తీయబోతుంటే, "ఆగమ్మా, నీ పాత ఇంజన్‌కి ఏమైంది?" అన్నారు.

"వేడెక్కి పోయిందండీ."

"ఊరికే వేడెక్కదు."

చెప్పాను. బోరు నీళ్ళు చెప్పాను. ఎర్రగీత దాటాక కూడా నడిపానని చెప్పాను. అన్నయ్యా, నీకు చెప్పలేనిది ఒక కొత్త మనిషికి సెల్లార్‌లో నిలబడి చెప్పాను. వేరే వాళ్ళకు చెప్పడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది.

"కారు నీదేనా?"

"మా అన్నయ్యదండీ. చూపు తగ్గి, నడపలేక నాకిచ్చాడు."

"ఆయనేమన్నారు?"

నేను చేతిలోని టార్చి ఆర్పాను. ఖాజా భాయ్ స్పానర్లు తుడవడం మొదలుపెట్టాడు.

"చెప్పలేదన్నమాట," అన్నారాయన. తర్వాత నలిగిన డిక్కీ మీద చెయ్యి వేశారు. "దీన్ని రింగు రోడ్డు మీద లారీ గుద్దింది. నడిపింది మావాడు. దేవుడి దయ, గీత కూడా పడలేదు. వారం రోజులు నాతో బండి సర్వీసింగ్‌లో ఉందని చెప్పాడమ్మా. ఇన్సూరెన్సు వాళ్ళు ఫోన్ చేసి, నీ బండి ఎక్కడ పెట్టమంటావయ్యా అని అడిగితే నాకు తెలిసింది. కారుదేముంది, ఇనుము. మా ఇద్దరి మధ్య ఆ వారం ఇంకా అలాగే ఉంది. రోజూ ఒకే బల్ల మీద తింటాం."

నేను "చెబుతానండీ" అన్నాను.

"నువ్వు చెబుతానంటే నాకెందుకు? ఆయన సంతకం ఉన్న కాగితం తీసుకురా, ఇంజన్ పట్టుకెళ్ళు. అడ్వాన్సు అక్కర్లేదు. నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వను. ఆ తర్వాత నా చేతిలో లేదు, తుక్కువాడు వస్తాడు."

ఖాజా భాయ్ దారంతా గొణిగాడు. "గింత మంచి ఇంజన్ అక్కా, గింత మంచిది! అందరు ముందు ఎక్కిస్తరు, ఎన్క కాగితం చేయించుకుంటరు. నీకు దొరికినోళ్ళంత గిట్లనే దొరుకుతరు. ఆ సార్ అట్ల, నువ్వు ఇట్ల, నడుమ నేను సస్తున్న." షెడ్డు దగ్గరకు వచ్చాక మాత్రం, "జల్దీ రాయి అన్నకు. పరేషాన్ కాకు. కారు ఇచ్చినోడు సంతకం ఇయ్యడా?" అన్నాడు.

ఇస్తావో ఇవ్వవో నాకు తెలియదు. అందుకే ఉన్నది ఉన్నట్టు రాశాను. సంగతి ఇంతే. ఇంజన్ పోయింది నావల్ల. బండి తక్కిన భాగమంతా బాగుంది, నువ్వు కుట్టించిన సీట్లు అలాగే ఉన్నాయి. కొత్తగా పెట్టబోయేది అదే రకం, నంబరు సరిపోయింది, చరిత్ర తెలిసింది. ఖర్చు మేం భరించగలం, నువ్వు ఒక్క రూపాయి పంపొద్దు. ఇక ముందు రేడియేటర్‌లో కూలెంటే పోస్తాను, మగ్గు యాదమ్మకు ఇచ్చేశాను. ఆరిపోయిన పాత ఇంజన్‌ను ఖాజా భాయ్ షెడ్డులో ఓ మూల రెండు టైర్ల మీద పెట్టించాను, అమ్మలేదు. దాన్నేం చేయాలో నువ్వే చెప్పాలి. అది నీది.

ఇంకో మాట. సంతకం పెట్టడం ఇష్టం లేకపోతే పెట్టకు. బండిని తుక్కుకు ఇచ్చెయ్యమన్నా ఇచ్చేస్తాను. కారు లేకపోయినా నా పని నడుస్తుంది. ఐదు వారాలుగా షేర్ ఆటోల్లోనే తిరుగుతున్నాను. నిజం చెప్పాలంటే ఆటోల్లో రెండు వార్తలు కూడా దొరికాయి. అందుకని నామీద జాలితో సంతకం పెట్టొద్దు.

దీవెనా, ఇప్పుడు ఆ రెండో కాగితం తియ్యి. అడుగున, కుడివైపు, పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టాను. నాన్న వేలు అక్కడ పెట్టించు. ఒకవేళ పెడితే, నల్ల ఇంకు పెన్నుతోనే. ఇవాళ మాత్రం పెట్టించకు. గురువారం దాకా ఆగు.

ఎందుకంటే అన్నయ్యా, ఈ ఉత్తరం రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టులో వేస్తాను, బుధవారానికి అందాలి. గురువారం ఉదయం పదింటికి నేను తెల్లాపూర్ సెల్లార్‌లో రావుగారి పక్కన ఉంటాను. పది దాటి ఐదు నిమిషాలకు నీకు ఫోన్ చేస్తాను. ఉత్తరం అందకపోతే అందలేదని చెప్పు, ఆ పై గురువారం చేస్తాను. అందితే నేనేమీ మాట్లాడను, నువ్వూ ఏమీ అనక్కర్లేదు. ఫోన్ తీసుకెళ్ళి బానెట్ దగ్గర పెడతాను. ట్యాపెట్లు వినబడతాయో, బెల్టు అరుస్తుందో, నాలుగు సిలిండర్లూ సరిగ్గా కొడుతున్నాయో నువ్వే విని చూడు. గేజి చెప్పింది ఖాజా భాయ్ విన్నాడు, కాగితాలు చెప్పింది నేను విన్నాను. నువ్వింకా వినలేదు. యాక్సిలరేటర్ తొక్కమంటే తొక్కుతాను.

విన్నాక నీ ఇష్టం.

వదినకు, దీవెనకు, మన పాస్టరుగారికి, ఎదురింటి సుబ్బలక్ష్మిగారికి నా వందనాలు చెప్పు. ఆయన కూడా నీకు వందనాలు చెప్పమంటున్నాడు. నీళ్ళ విషయంలో సగం తప్పు తనది కూడానని రాయమన్నాడు, రాశాను. మా ఇద్దరి కోసం ప్రార్థన చెయ్యి. చుక్కలు మర్చిపోకు.

నీ చెల్లెలు,
సుగుణ